కాటా మీద కాలు

నా ఎడమ కిడ్నీ ఇప్పుడు మా తమ్ముడి పొత్తికడుపులో కుడివైపు ఉంది. ఈ మాట చెప్తే మా పేటకి కొత్తగా వచ్చిన కోడళ్లు నా నడుము వంక, వాడి నడుము వంక మార్చి మార్చి చూస్తారు. నడుం వెనకాల ఉండాల్సింది ముందుకెలా వచ్చిందని వాళ్ల అనుమానం. నాకూ మొదట్లో అదే అనుమానం. పాతవి రెండింటినీ ఎక్కడివక్కడే ఉంచేసి, కొత్తదాన్ని ముందువైపు, తుంటి ఎముక లోపలి పక్కన పెట్టి కుడతారు. పైనుంచి చెయ్యి వేస్తే తెలుస్తుంది. కుట్లు మానాక ఒకరోజు వాడే నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించాడు. "సూడప్పా, నీ సరుకే," అన్నాడు. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు. గట్టిగా, వెచ్చగా తగిలింది. నాది నాకే బయటినుంచి తగిలితే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఇప్పటికీ మాట దొరకలేదు.

కిడ్నీ గురించి అందరూ అడుగుతారు. కాలు గురించి ఎవరూ అడగరు. కిడ్నీ మమ్మల్ని ఒక్కరోజు కూడా ఏడిపించలేదు. ఏడిపించింది కాలు.

మాది విశాఖ సముద్రపు ఒడ్డు. హార్బరులో చేపలు కొని గంపలో పెట్టుకుని వీధుల్లో అమ్మడం నా పని. మా ఆయన, మా తమ్ముడు కలిసి ఒక ఫైబర్ బోటు మీద వేటకి వెళ్లేవారు. తమ్ముడికి పేరొచ్చింది వేటలో కంటే వల బాగుచెయ్యడంలో. ఏ రాయికి తగిలి ఎంత చిరిగినా, వాడు కూర్చుని వల కన్ను కన్నూ కలిపాడంటే చిరిగిన చోటు ఎక్కడో మళ్లీ వాడే వెతుక్కోవాలి.

వేసవిలో రెండు నెలలు వేట ఆపేస్తారు. చేప గుడ్లు పెట్టే కాలమని సర్కారు నిషేధం. ఆ రెండు నెలలూ ఒడ్డంతా వలలే పరుచుకుని ఉంటాయి. మా నాన్న మా ఇంటికి ఒక పద్ధతి పెట్టాడు. నిషేధం ముగిసేరోజు వలకి ఆఖరి ముడి ఎవరు వేస్తారో, వలని బోటెక్కించేటప్పుడు ముందు కొస వాళ్ల భుజం మీదే ఉండాలి. వాళ్లు ముందు నడిస్తే మిగతావాళ్లు వెనకాల మోసుకెళ్లాలి. నాన్న పోయాక ఆ కొస తమ్ముడిదే. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను మీద పడుకునే కాలంలో కూడా, మిషను లేని రోజుల్లో గోడకి ఆనుకుని కూర్చుని ఆఖరి ముడి తనే వేసేవాడు. భుజం మీద కొస వేసుకుని ఆయాసపడుతూ అయినా తనే నడిచేవాడు.

కార్తీకమాసం వెళ్లాక మా ఇద్దరికీ ఆపరేషన్ చేశారు. కిడ్నీ పెట్టాక ఏడాదిదాకా సముద్రం మీదికి వెళ్లకూడదని డాక్టరుగారు ముందే చెప్పారు. "ఏడాదే గదా. సముద్రం ఎక్కడికి పోద్ది. నాకు వలుంది," అన్నాడు తమ్ముడు.

ఆపరేషన్ అయ్యాక మా ఇద్దరి మంచాలూ వేరే వేరే గదుల్లో. మా ఆయన మధ్యలో తిరుగుతూ కబుర్లు మోసేవాడు. మర్నాడు వచ్చి, "నీ తమ్ముడు సంచీడు పోసినాడే. మల్లీ నిండతంది," అన్నాడు. ఆ సంచీలో ఏం నిండుతోందో పైకి చెప్పుకోవడానికి మామూలుగా సిగ్గుపడతాం. ఆ రోజు మా మరదలు, వాడి పెళ్లాం, ఆ కబురు ఫోను చేసి పేట పేటంతా చెప్పింది. మూడేళ్లుగా చుక్కలు చుక్కలుగా వచ్చే మనిషికి ధారగా వస్తోందంటే మాకది పండగే.

నాలుగోరోజు నన్ను చక్రాల కుర్చీలో వాడి దగ్గరికి తీసుకెళ్లారు. నర్సమ్మ వాడిని లేపి నిలబెడుతోంది. ఎడమకాలు ఆనింది. కుడికాలు ఆనగానే మోకాలు తనంతట తనే మడత పడిపోయింది. మంచం పట్టుకుని ఆగాడు. "తిమ్మిరెక్కిందమ్మా, మరేటీ లేదు," అని నర్సమ్మతో చెప్పి నా వంక చూశాడు. వాడి చిన్నప్పటినుంచీ అబద్ధమాడేటప్పుడు ఎలా చూస్తాడో నాకు తెలుసు.

ఆమె వెళ్లాక అడిగాను. తొడ ముందుభాగమంతా మొద్దులా ఉందన్నాడు. గోరుతో గీసుకున్నా తెలియట్లేదట. మోకాలు చాపుదామన్నా సాగట్లేదట.

"డాక్టరుకి సెప్పొద్దప్పా," అన్నాడు.

"ఎందుకురా?"

"కిడ్నీ సరిపడలేదనుకుంటారు. డయాలసిస్ కాడ సెప్పలేదేటి, ఒంటికి సరిపడకపోతే తీసేత్తారని. తీసి మల్లీ నీకు పెట్టరు గదా. నీకూ కాకుండా, నాకూ కాకుండా పోద్ది."

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం వాడి మాట నాకు పూర్తిగా నిజమనిపించింది. మిషను దగ్గర పక్క మంచాలవాళ్లు చెప్పుకునే మాటలే మాకు తెలిసిన వైద్యం. నేనే ముందుగా సరేనన్నాను. మా ఆయనకీ, మరదలికీ నేనే చెప్పి ఒట్టు వేయించుకున్నాను. తప్పెవరిదని ఎవరైనా అడిగితే మొదటి వాటా నాదే.

ఇంటికొచ్చాక ఇంకో తప్పు చేశాం. కిడ్నీ ముందువైపు కుట్టారు కదా, వాడు ఎక్కువ కదిలితే జారిపోతుందేమోనని మాకు భయం. మంచం మీదినుంచి దిగనివ్వలేదు. అన్నం మంచం మీదే, ఒళ్లు తుడవడం మంచం మీదే. డాక్టరుగారు నడవమని చెప్పి పంపారు. మేం ఆ మాటని మడతపెట్టి దాచేశాం. నెల తిరిగేసరికి వాడి తొడ నా చెయ్యంత అయ్యింది. పైగా మందుల వల్ల చేతులు వణికేవి. మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే సగం లుంగీ మీద పోయేది.

మా మేనత్త మా పక్కింట్లోనే ఉంటుంది. ఒకప్పుడు నాన్నతో కలిసి వలలు అల్లిన మనిషి, ఇప్పుడు కళ్లు మసక. చూపు తగ్గినకొద్దీ నోరు పదునెక్కింది. వాడి కాలు తడిమి చూసి, "ఆడదాని కిడ్నీ మగోడి బరువెలగ మోత్తాదే? కాలు మడతడిపోదేటి మరి," అంది.

"అత్తా, నాను ఇరవై ఏళ్లు గంప మోసినాను," అన్నాను. "నీ అన్న కొడుకు ఎప్పుడైనా ఒక్క గంప నెత్తిన ఎత్తినాడేటి? బరువులు మొయ్యడం దానికలవాటే. ఆ కిడ్నీనేటీ అనకు."

"దాన్నంటే నీకు పొడుసుకొచ్చీసిందేటి? ఇచ్చీసినావు గదా, ఇంక నీదేటి."

మంచం మీద తమ్ముడు నవ్వబోయి, కుట్లు లాగి, "ఇద్దరూ ఊరుకోండే," అన్నాడు.

వారానికోసారి ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం తీస్తారు, బరువు తూస్తారు. వాడు నడుస్తున్నట్టు కనిపించడానికి మా ఆయన ఒక ఉపాయం చేశాడు. తను ఒకపక్క, మరదలు ఒకపక్క చంకల కింద చెయ్యి వేసి నడిపించేవారు. "హార్బరు కాడ తాగి పడిపోయినోల్లని ఎంతమందిని ఇలగ ఇంటికి సేర్సలేదు," అనేవాడు. డాక్టరుగారు నడుస్తున్నావా అనేవారు. నడుత్తన్నాను సార్ అనేవాడు. నీరసం అనుకుని ఆయన రాసుకునేవారు. రెండు మూడు వారాలు అలా గడిచిపోయాయి.

ఆ తర్వాతి వారం మరదలికి జ్వరం. కిడ్నీ మందులు తినేవాడికి రోగాలు ఇట్టే అంటుకుంటాయి, ఆమె వాడి దగ్గరికి రాకూడదు కాబట్టి బదులు నేను వెళ్లాను. బరువు తూసే మిషను దగ్గర తమ్ముడు ఎక్కాడు. మా ఆయన పక్కనే నిలబడి భుజం పట్టుకున్నాడు. నర్సమ్మ అంకె రాసుకుని లోపలికి పంపింది.

డాక్టరుగారు కాగితం చూశారు. ఇంకోసారి చూశారు. ముఖం మారింది.

"వారంలో నాలుగు కేజీలు పెరిగాడు. ఒంట్లో నీరు చేరుతోందేమో. కిడ్నీ ఎలా ఉందో చూడాలి. ఈరోజే అడ్మిట్ చెయ్యండి. స్కాన్ చేద్దాం, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం."

తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఏది జరగకూడదని నెలరోజులు దాచామో అదే మా ముందుకొచ్చి కూర్చుంది. అయినా నా కళ్లు ఊరుకోలేదు. తెరిచిన తలుపులోంచి ఆ మిషను కనిపిస్తోంది. కాసేపటి కిందటి బొమ్మ మళ్లీ కళ్ల ముందు ఆడింది. తమ్ముడి రెండు కాళ్లు మిషను మీద. పక్కన ఇంకో కాలు. నల్లటి చెప్పు, బొటనవేలి దగ్గర తీగతో కుట్టినది.

నేను బతికిందే కాటా మీద. బుట్ట అంచున బొటనవేలు ఆన్చి తూసేవాళ్లని పది అడుగుల దూరంనుంచి పట్టుకునేదాన్ని. అలాంటిది మా ఆయన కాలు కాటా మీదుంటే చూసి కూడా చూడలేదు.

"సార్," అన్నాను. "తూకం తప్పు. మా ఆయన కాలు మిషను మీదుంది."

డాక్టరుగారు మా ఆయన వంక చూశారు. మా ఆయన తన కాలి వంక చూసుకున్నాడు.

"మీ కాలు అక్కడెందుకుంది?"

ఇంక దాచి లాభం లేదు. నేనే మొదలుపెట్టి, నాలుగోరోజు మోకాలు మడత పడ్డ దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను. కిడ్నీ తీసేస్తారని భయపడ్డ సంగతి కూడా చెప్పాను. ఆయన అరుస్తారనుకున్నాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీరేం పని చేస్తారమ్మా?"

"సేపలమ్ముతాను సార్."

"మీ కాటా మీద ఎవరైనా కాలు వేస్తే ఏం చేస్తారు?"

"గంప బోర్లించి నెత్తిన కొడతాను సార్."

"మరి నేనేం చెయ్యను? నాకిక్కడ గంప లేదే," అన్నారు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పారు. కిడ్నీ కాలిని పాడుచెయ్యదు, కాలు బాగాలేదని ఎవరూ కిడ్నీ తీసెయ్యరు. ముందే చెప్పి ఉంటే ఈపాటికి నెలరోజుల వ్యాయామం అయ్యేది. మళ్లీ తూయించారు. ఈసారి మా ఆయనని తలుపు బయట నిలబెట్టారు. నర్సమ్మ బరువు మోపకుండా గోడకి వేళ్లు మాత్రం ఆన్చమంది. బరువు ఎంతుండాలో అంతే ఉంది. రక్తంలోనూ కిడ్నీకి ఏ లోటూ లేదు.

అదే రోజు నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ తొడకి సూదులు గుచ్చి, చిన్న చిన్నగా కరెంటు పెట్టి పరీక్ష చేసింది. ఎడమకాలికి కరెంటు పెడితే తొడ ఎగిరిపడింది. కుడికాలు ఏదో తప్పనిసరై కదిలినట్టు కదిలింది. ఆవిడ ఆ కొంచెం కదలికకే తల ఊపింది.

"నరం తెగలేదు. నలిగింది," అంది. "కిడ్నీ కూర్చోబెట్టడానికి లోపల చోటు కావాలి. కండని పక్కకి లాగి గంటలకొద్దీ పట్టుకోవాల్సి వస్తుంది. ఆ ఒత్తిడికి తొడ నరం ఒక్కోసారి ఇలా నలుగుతుంది. చాలామందికి తిరిగొస్తుంది. వారాలు కాదు, నెలలు పడుతుంది."

తొడ సన్నబడటానికి ఇంకో రెండు కారణాలు చెప్పింది. ఒకటి స్టెరాయిడ్ మాత్ర. అది కిడ్నీని కాపాడుతుంది, కండని తింటుంది. రెండోది మంచం. ఆ మాట అన్నప్పుడు నేను నేల చూశాను. చేతుల వణుకు కిడ్నీని నిలబెట్టే మందు వల్ల వస్తోందట. రక్తంలో మందెంతుందో చూస్తూ మెల్లగా తగ్గిస్తే వణుకూ తగ్గుతుందట. మనంతట మనం ఒక్క మాత్ర కూడా తగ్గించకూడదని వేలు చూపించి మరీ చెప్పింది.

బయటికొచ్చాక తమ్ముడు, "తెగిన తాడు కాదప్పా, నలిగిన తాడే," అన్నాడు. నలిగిన తాడుని ఎలా చూసుకోవాలో మా వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మోకాలు మడత పడకుండా పట్టీ ఇచ్చారు, చేతులానించి నడిచే వాకరు ఇచ్చారు. ఫిజియో చేసే అమ్మాయి తగరపువలస నుంచి బస్సులో ఆసుపత్రికి వచ్చేది, వారానికి రెండుసార్లు మేం ఆటోలో ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లం. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి పట్టుకోమని చెప్పింది. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి ముప్పై. చూడటానికి ఏమీ జరగనట్టే ఉంటుంది ఆ వ్యాయామం. మా తమ్ముడికి దాని మీద రెండు రోజులకే విసుగొచ్చింది.

తొడ మీద స్పర్శ ఎక్కడిదాకా లేదో ఆ అమ్మాయి దూదితో, సూదిమొనతో చూసేది. నాకు ఇంకో ఆలోచన వచ్చింది. చేపలమ్మేదానికి ఐసు కంటే దగ్గరి చుట్టం ఎవరు? ఐసుతో చూడొచ్చా అని అడిగాను. చూడొచ్చు, కానీ హార్బరు ఐసు వద్దు, మరిగించి చల్లార్చిన నీళ్లతో ఇంట్లో చేసినదై ఉండాలి, మొద్దుబారిన చోట ఉంచెయ్యకుండా అలా తాకించి ఇలా తీసెయ్యాలి అంది. ప్రతి ఆదివారం వాడు కళ్లు మూసుకుంటే నేను ఐసుముక్క తాకిస్తూ వచ్చేదాన్ని. చల్లగా ఉందన్న చోట స్కెచ్ పెన్నుతో గీత. మొదటి ఆదివారం ఆ గీత తొడ చుట్టూ తిరిగి మోకాలు దాటి, పిక్క లోపలివైపు దిగిపోయింది. నీలం రంగు చెరువులా ఉంది. రెండో ఆదివారం అంతే. మూడోదీ అంతే. నాలుగో ఆదివారం మోకాలి కింద వేలెడంత లోపలికొచ్చింది. అదే చోట మళ్లీ మళ్లీ చూశాను. వాడు కళ్లు తెరవకుండానే, "అక్కడేనప్పా. సల్లగుంది," అన్నాడు. మరదలు ఆ గీతకి బొట్టు పెట్టబోతే నేను ఆపాను.

కానీ మనిషి మనసు గీతలా నడవదు. ఒకరోజు నేను వెళ్లేసరికి వాకరు మూలకి విసిరేసి ఉంది. తువ్వాలు గుమ్మంలో ఉంది.

"ఇంటికెల్లిపో అప్పా. నీ కిడ్నీ ఎల్లెల్లి ఒక పనికిమాలినోడి కడుపులో పడింది," అన్నాడు. "సముద్రానికి ఎల్లలేను. వల ముందు కూకోలేను. ఈయేడు కొస ఎవడి బుజమ్మీద పెడతారో ఇప్పుడే సూసుకోండి."

ఓదార్చడం నాకు రాదు, బేరమాడటం వచ్చు. ఇంటికెళ్లి పాత వల ముక్క ఒకటి తీశాను. సబ్బుతో రెండుసార్లు ఉతికి మూడు రోజులు ఎండలో ఆరబెట్టాను. నాలుగోరోజు వాడి ముఖానికి మాస్కు కట్టించి, చాప మీద కాళ్లు బార్లా చాపి కూర్చోబెట్టి, వల ఒళ్లో పడేశాను. "బాగుసేత్తావో, నమిలి ఊసేత్తావో నీ ఇట్టం," అన్నాను.

వల బాగుచేసేవాళ్లని చూశారా? వల ఒకవైపు బిగువుగా ఉండాలి. దానికి మా వాళ్లు కొయ్యలూ, మేకులూ వెతుక్కోరు. కాలు చాపి, బొటనవేలికి వల తగిలించి వెనక్కి లాగి పట్టుకుంటారు. తమ్ముడు కాసేపు వల వంక కోపంగా చూశాడు. తర్వాత చేతులు వాటంతటవే వెతుక్కున్నాయి. కుడికాలి బొటనవేలు లేచి వల కన్నుని కొక్కెంలా పట్టుకుంది.

వాడు చూసుకోలేదు. నేను చూశాను.

"ఒరే, నీ కాలు సచ్చిపోయిందన్నావు గదా. ఆ యేలెవరిది?"

వేలు కదిలించే నరం వేరట, అది నలగలేదని తర్వాత ఫిజియో అమ్మాయి చెప్పింది. ఆ రోజు మాకవేమీ తెలియవు. వాడు వేలు వంకే చూస్తూ వలని లాగాడు. లాగేసరికి మోకాలు చాప మీదినుంచి పైకి లేచింది. మోకాలు లేస్తే వల వదులైపోతుంది. వదులు వల వాడు భరించలేడు. పళ్లు బిగించి మోకాలిని చాపకేసి నొక్కాడు. మోకాలి చిప్ప పైన, చర్మం కింద, నీళ్లలో చిన్న చేప తోక కొట్టినట్టు ఒకసారి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. తువ్వాలు మీద ముప్పైసార్లు నొక్కమంటే నొక్కని మనిషి వల కోసం నొక్కాడు.

ఫిజియో అమ్మాయికి చెప్తే, "ఎంతసేపు చేశాడు?" అంది.

"గంటన్నర."

"అమ్మో, అంతసేపు వద్దు. పావుగంటకోసారి ఆపించండి," అంది. కానీ తన కాగితంలో తువ్వాలు అన్న మాట కొట్టేసి వల అని రాసుకుంది.

కాలికి పని దొరికింది కానీ చేతులు కుదరలేదు. అల్లే సూది కంట్లోంచి దూరాలంటే చెయ్యి నిలకడగా ఉండాలి. వాడి సూది కన్ను చుట్టూ ఈగలా తిరిగేది. ఒకరోజు సూది విసిరేస్తే అది వెళ్లి మా మేనత్త కాళ్ల దగ్గర పడింది. ఆవిడ తడుముకుని తీసింది. చేతులు కడుక్కుని, వచ్చి వాడి పక్కన కూలబడింది.

"నీకు సెయ్యి వణుకు. నాకు కన్ను మసక. ఇద్దరం కలిస్తే ఒక మనిసి," అంది. "కన్ను నాను తెరిసి పడతాను, నువ్వు దూర్సు."

అలా మొదలైంది. ఆవిడ రెండు వేళ్లతో వల కన్ను సాగదీసి పట్టుకునేది, వాడు సూది దూర్చేవాడు, ఆవిడ ముడి బిగించేది. మధ్యలో తిట్లు. "నా యేల్లు కుట్టకురా, అవి సిరగలేదు." "నువ్వు కదలకు ముసిలీ." అప్పటికి మందు మోతాదు రెండుసార్లు తగ్గించారు. వేట నిషేధం మొదలయ్యేసరికి వణుకు సగానికి దిగింది. అత్తని పక్కన కూర్చోమనడం మాత్రం వాడు మానలేదు.

మధ్యలో నెలరోజులు రాత్రిళ్లు తొడలో చీమలు పాకినట్టు, మంట. మేం మళ్లీ భయపడ్డాం, కానీ ఈసారి దాచలేదు. మర్నాడే వెళ్లి చెప్పాం. నరాల డాక్టరమ్మ నవ్వింది. నరం లేస్తోంది, లేచేటప్పుడు అలాగే సతాయిస్తుందంది. నీలం గీత మోకాలి పైకొచ్చింది. తర్వాత తొడ మధ్యకి. ఎండలు ముదిరేసరికి అరచెయ్యంత మిగిలింది. వాకరు పోయి చేతికర్ర వచ్చింది. నేల మీదినుంచి లేవడం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. స్టెరాయిడ్ తిన్న తొడలకి అదే కష్టమట. ముందు ఇద్దరం లేపేవాళ్లం, తర్వాత ఒకరం, తర్వాత కుర్చీ పట్టుకుని తనే.

పెద్ద వల పని నిషేధం అయ్యేదాకా పట్టింది. దుమ్ము తగలకుండా ఇంటి అరుగు మీదే కొంచెం కొంచెంగా పరిచి చేశాడు. ఆఖరిరోజు మధ్యాహ్నం ఒకే ఒక్క కన్ను మిగిలింది. అత్త చెయ్యి చాపింది.

"వొద్దత్తా. ఇది నానొక్కడినే ఏత్తాను."

సూది మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి దూరింది. ముడి బిగించి పంటితో దారం కొరికాడు. వాడు కుర్చీ వైపు చూడకుండా, రెండు అరచేతులూ తొడల మీద ఆన్చి, నేల మీదినుంచి తనంతట తను లేచి నిలబడ్డాడు. చేతికర్ర గోడకి ఆనించే ఉంది. దాన్ని తీసుకోలేదు.

మా ఇంటికీ బోటుకీ మధ్య బీచి రోడ్డుంది. తమ్ముడి భుజం మీద కొస. వెనకాల ఎనిమిది మంది భుజాల మీద పొడవుగా వల. అది రోడ్డు దాటాలంటే అటూ ఇటూ బండ్లన్నీ ఆగాలి. సిటీ బస్సు ఒకటి హారను కొట్టింది. కండక్టరు తల బయటపెట్టి, "తొందరగా దాటండి, ఎంతసేపు," అన్నాడు.

మా ఆయన వల కిందినుంచే, "ఆగు బావా. ముందు నా బావమరిది నడుత్తన్నాడు. ఆడెంత నడిత్తే అంత," అన్నాడు.

రోడ్డు దాటాక ఇసుక. గట్టినేల మీద నడిచే మోకాలు ఇసుకలో వేరే మోకాలు. పడవ ఇంకా పాతిక అడుగుల దూరంలో ఉండగా కుడి మోకాలు సగం మడత పడింది. నేను ఎదురుగా ఉన్నాను. పరిగెత్తబోయాను. అత్త నా కొంగు పట్టుకుని ఆపింది. చూపు ఆనకపోయినా ఎలా తెలిసిందో. తమ్ముడు ఆగాడు. వెనకాల వలంతా ఆగింది. మడమ ఇసుకలో గట్టిగా దిగేసి, చాప మీద నొక్కినట్టే మోకాలిని వెనక్కి నొక్కాడు. అది నిలబడింది. ఒక అడుగు. ఇంకో అడుగు. బోటు అంచు మీద కొస వేసి, చెక్క మీద అరచెయ్యి ఆన్చి నిలబడిపోయాడు. వాడి వీపు ఊగుతోంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో దగ్గరికెళ్తే గానీ తెలియలేదు. నవ్వుతున్నాడు.

"సూసినావా అత్తా, ఆడదాని కిడ్నీ," అన్నాను.

"ఏటి సూడ్డం, నాకు కనబడదు గదా," అంది. నా కొంగు వదిలేసి, "నడక ఇనబడింది. మీ నాన్న నడకే," అంది.

బోట్లు ఆ అర్ధరాత్రి వేటకెళ్లాయి. తమ్ముడు ఇంట్లో పడుకున్నాడు. వల మాత్రం వెళ్లింది. నిండుగా వచ్చింది, ఒక్క కన్ను కూడా తెగలేదు. ఆ మొదటి వేటలో పడ్డ చందువ చేపలు నేనే గంపకెత్తి అమ్మాను.

ఆ నెలాఖరుకి ఆసుపత్రికి వెళ్లాం. తమ్ముడు చేతికర్ర నాకిచ్చి, ఎవరినీ పట్టుకోకుండా బరువు మిషను ఎక్కి నిలబడ్డాడు. మా ఆయన చెప్పులు విప్పేసి, చేతులు కట్టుకుని, ఎదురుగోడకి వీపు ఆన్చుకుని నిలబడ్డాడు. డాక్టరుగారు గదిలోంచి బయటికొచ్చారు. ముందు మిషను చుట్టూ నేల చూశారు. తర్వాత మా ఆయన కాళ్లు చూశారు. ఆ తర్వాత అంకె చూశారు.

"బాగుంది," అన్నారు. "అంతా ఇతని బరువే."

"కాదు సార్," అన్నాను నేను. "అందులో నా కిడ్నీ తూకం తీసెయ్యాల. గంప బరువు తియ్యకుండా మేం లెక్క కట్టం."

తమ్ముడు మిషను దిగకుండానే నా వైపు తిరిగాడు.

"తియ్యకండి సార్," అన్నాడు. "అది గంప కాదు. సరుకే."